జెడ్ నుంచి బ్రాకెట్ దాకా 32 మెట్లు: బ్రౌజర్ పియానో ప్రాజెక్టు డైరీ

చేయదలచింది ఇది: ఏమీ కొనకుండా, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే పియానో మొదలుపెట్టడానికి ఒక వెబ్ పేజీ, దానికి సరిపడే పాఠాల వరస. ఆన్‌లైన్‌లో మోగే పియానోలకు కొదవ లేదు. వాటితో నేర్చుకోవడం మాత్రం కొన్నాళ్లకే ఆగిపోతుంది. అసలు పియానో కోసం రాసిన పాఠాలను తెచ్చి టైపింగ్ కోసం పుట్టిన వస్తువు మీద పెట్టడమే అందుకు కారణం. ఈ కీబోర్డు ఏ మూడు కీలను కలిపి గుర్తించగలదు, నొక్కిన ఎంతసేపటికి శబ్దం వస్తుంది, వేలి బలం దానికి తెలుస్తుందా అన్నవి ముందు తేల్చుకోవాలి. ఏ పాఠం ముందో, ఏది వెనకో ఆ తర్వాతే నిర్ణయించాలి. ఈ డైరీలో ఉన్నది ఆ పనే.

చదివేటప్పుడు తికమక రాకుండా ఒక ఏర్పాటు. మెట్టు అంటే పియానో మెట్టు, కీ అంటే కంప్యూటర్ కీ. స్వరాలను సరిగమల్లోనే రాస్తున్నాం. పక్కన ఉన్న అంక�ె ఆ స్వరం ఏ రకమో చెబుతుంది, రి1 కంటే రి2 పైన ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం కనబడితే అది కీ పేరే. మధ్య స్థాయి షడ్జం 1 శ్రుతిలో, అంటే 261.63 హెర్ట్జ్ దగ్గర ఉంది.

అమరిక: ఖాయమైంది

వాడుకలో ఉన్న మూడు అమరికలను పక్కపక్కన పెట్టి చూశాం.

మొదటిది ఆపిల్ సంగీత సాఫ్ట్‌వేర్ గరాజ్‌బ్యాండ్‌లో కనిపించేది. ఎ, ఎస్, డి, ఎఫ్ వరస తెల్ల మెట్లు. పైన డబ్ల్యు, ఇ, టి, వై, యు, ఓ, పి నల్ల మెట్లు. మొత్తం 18 స్వరాలు. ఒక చేతికి హాయిగా ఉంటుంది, రెండో చేతికి చోటుండదు.

రెండోది 61 మెట్ల అమరిక. అంకెల వరస నుంచి కింది వరస దాకా 36 కీలూ తెల్ల మెట్లు, షిఫ్ట్ పట్టుకుంటే నల్ల మెట్లు. అయిదు స్థాయిలు దొరుకుతాయి కాబట్టి చూడగానే ఆశ పుడుతుంది. అయితే ఇందులో తెల్ల మెట్టూ నల్ల మెట్టూ ఒకేసారి నొక్కడం కుదరదు. పైగా విండోస్‌లో షిఫ్ట్‌ను వరసగా అయిదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ (షిఫ్ట్ వంటి కీలను పట్టుకోకుండానే పనిచేయించే ఏర్పాటు) పెట్టె తెర మీదికి వచ్చి కూర్చుంటుంది. నేర్చుకునేవాళ్లకు ఇది వద్దు.

మూడోదాన్ని ఎంచుకున్నాం. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే సంగీత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇది అలవాటే.

మంద్ర స్థాయి: జెడ్, ఎక్స్, సి, వి, బి, ఎన్, ఎమ్ కీలు వరసగా స, రి2, గ3, మ1, ప, ద2, ని3. వాటి పైన ఎస్ (రి1), డి (గ2), జి (మ2), హెచ్ (ద1), జె (ని2).

మధ్య స్థాయి: క్యూ, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై, యు. వాటి పైన 2, 3, 5, 6, 7 అంకెలు నల్ల మెట్లు.

తార స్థాయి: ఐ, ఓ, పి అంటే స, రి2, గ3. పైన 9, 0 నల్ల మెట్లు.

ఇక్కడికి 29 మెట్లు. ఎ, ఎఫ్, కె, 1, 4, 8 కీలను మూగగా వదిలేశాం. గాంధారానికీ శుద్ధ మధ్యమానికీ నడుమ, కాకలి నిషాదానికీ పై షడ్జానికీ నడుమ నల్ల మెట్టు ఉండదు కదా, ఆ ఖాళీ చేతికి తెలియాలి. ఖాళీ కీలకు వేరే పనులు అంటగడితే వేలు తప్పినప్పుడల్లా ఏదో ఒకటి జరిగి అభ్యాసం చెడుతుంది.

ఈ అమరికకు మొగ్గడానికి కీబోర్డు కొలతలు కూడా కారణం. మామూలు కీబోర్డులో కీకీ మధ్య దూరం 19.05 మిల్లీమీటర్లు. క్యూ వరస అంకెల వరసకంటే సరిగ్గా అర కీ కుడికి జరిగి ఉంటుంది. జెడ్ వరస ఎ వరసకంటే అర కీ జరిగి ఉంటుంది. కాబట్టి 2 కీ క్యూకూ డబ్ల్యుకూ నట్టనడుమ, ఎస్ కీ జెడ్‌కూ ఎక్స్‌కూ నట్టనడుమ పడతాయి. మొదటి అమరికలో అలా కాదు. క్యూ వరసకూ ఎ వరసకూ తేడా పావు కీ మాత్రమే కావడంతో నల్ల మెట్టు ఒక పక్కకు ఒరిగిపోతుంది. చూడకుండా వాయించేవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

పియానోలో తెల్ల మెట్టు వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు. అంటే అక్కడ స్థాయికి 165 మిల్లీమీటర్లు, ఇక్కడ 133. దూరాలకు చేతికి పడే అలవాటు పియానోకు బదిలీ కాదు. వేళ్ల వరస, స్వరాల వరస, చెవి మాత్రం బదిలీ అవుతాయి.

నొక్కడం, వదలడం: పూర్తయింది

జావాస్క్రిప్ట్‌లో కీడౌన్ (కీ నొక్కారు), కీఅప్ (కీ వదిలారు) అని బ్రౌజర్ పంపే రెండు ఈవెంట్లతోనే, అంటే కబుర్లతోనే, పని అంతా. ఏ కీ నొక్కారో ఆ ఈవెంట్ రెండు విధాలుగా చెబుతుంది. ఒకటి ఆ కీ పుట్టించే అక్షరం (కీ అనే లక్షణం), రెండోది కీబోర్డు మీద ఆ కీ ఉన్న చోటు (కోడ్ అనే లక్షణం). పియానోకు కావలసింది చోటు. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్ ఆన్‌లో ఉంటే హెచ్ కీ అక్షరంగా ‘ప’, జె కీ ‘ర’, కె కీ ‘క’ వస్తాయి. అక్షరాన్ని నమ్ముకున్న పియానో అప్పుడు మౌనంగా ఉండిపోతుంది. చోటును నమ్ముకుంటే తెలుగు లేఅవుట్ అయినా, జర్మనీలో జెడ్, వై తారుమారైన లేఅవుట్ అయినా మెట్లు అక్కడే ఉంటాయి.

అక్షరాన్ని వాడితే ఇంకో చిక్కు కూడా ఉంది. షిఫ్ట్‌తో టి నొక్కి, ముందు షిఫ్ట్ వదిలి, తర్వాత టి వదిలితే నొక్కినప్పుడు పెద్ద టి, వదిలినప్పుడు చిన్న టి వస్తాయి. రెండూ జతపడక స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

స్వరం ఆగకపోవడమనే ఈ జబ్బుకు ఇతర కారణాలు కూడా ఉన్నాయి. వాటికి చేసిన మందులు:

కీ పట్టుకుని ఉంచితే ఆపరేటింగ్ సిస్టమ్ కీడౌన్‌ను పదేపదే పంపుతుంది. ఈవెంట్‌లో రిపీట్ విలువ నిజమైతే పట్టించుకోకూడదు.

మోగుతున్న స్వరాలను దాచే పట్టికలో గుర్తుగా వాడాల్సింది స్వరం సంఖ్య కాదు, కీ కోడ్. కామా కీకి కూడా మధ్య షడ్జం ఇస్తే అదే స్వరం క్యూ దగ్గర కూడా ఉంటుంది. స్వరం సంఖ్యతో దాచితే ఒకటి వదలగానే రెండోది ఆగిపోతుంది.

స్వరం మోగుతుండగా ఆల్ట్ ట్యాబ్ కొట్టి వేరే కిటికీకి వెళితే కీఅప్ మనకు రాదు. కిటికీకి బ్లర్ ఈవెంట్ (వాడేవాళ్లు వేరేచోటికి వెళ్లారన్న కబురు) రాగానే అన్ని స్వరాలనూ ఆపేయాలి.

మ్యాక్‌లో కమాండ్ కీ పట్టుకుని ఉండగా మిగతా కీల కీఅప్ అందదు. కంట్రోల్, ఆల్ట్, కమాండ్ తోడున్న ఏ కీనీ స్వరంగా తీసుకోకూడదు.

స్పేస్‌బార్‌ను సస్టెయిన్ పెడల్‌గా (కీ వదిలినా స్వరం మోగుతూ ఉండేలా) పెట్టాం. ఇక్కడ ఒక గొడవ ఉంది. ‘మొదలుపెట్టు’ బటన్‌ను మౌస్‌తో నొక్కాక ఫోకస్ ఆ బటన్ మీదే నిలుస్తుంది. ఆ తర్వాత స్పేస్ నొక్కి వదిలిన ప్రతిసారీ బటన్ మళ్లీ నొక్కుకుంటుంది. బటన్ పని అవగానే దాని ఫోకస్ తీసేయాలి. స్పేస్‌కు పేజీ కిందికి జారకుండా ప్రివెంట్‌డిఫాల్ట్ (కీకి బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఆపే ఆదేశం) కూడా పెట్టాలి. ఫైర్‌ఫాక్స్‌లో స్లాష్ కీ వెతుకులాట పెట్టెను తెరుస్తుంది, దానికీ ఇదే మందు.

శబ్దం, మొదటి రూపం: ఆసిలేటర్‌తో

స్వరం సంఖ్య నుంచి పౌనఃపున్యం తీయడానికి మిడి (సంగీత వాయిద్యాలూ కంప్యూటర్లూ కబుర్లు పంచుకునే పద్ధతి) లెక్కే వాడాం. 69వ స్వరం 440 హెర్ట్జ్, ఒక్కో మెట్టు పైకి పోతే 1.05946తో గుణించాలి (2కు 12వ మూలం). మధ్య షడ్జం 60. అక్కడి నుంచి ప 392.00, తార షడ్జం 523.25.

వెబ్ ఆడియోలో (బ్రౌజర్‌లో శబ్దం పుట్టించే ఏర్పాటు) ఒక్కో స్వరానికి తరంగం పుట్టించే ఒక ఆసిలేటర్, శబ్దం ఎక్కువ తక్కువలు చూసే ఒక గెయిన్ నోడ్. సైన్ తరంగం ఒక్కటే పెడితే ఈల వేసినట్టు ఉంటుంది. పీరియాడిక్‌వేవ్‌తో ఆరు అనుస్వరాలు (హార్మోనిక్స్) ఈ బలాలతో కలిపాం: 1, 0.5, 0.3, 0.18, 0.1, 0.06. పియానో అనిపించేది తరంగ రూపం వల్ల కంటే శబ్దం ఎలా తగ్గుతుందన్న దాని వల్లే ఎక్కువ. 5 మిల్లీసెకన్లలో పైకి లేచి వెంటనే తగ్గడం మొదలవ్వాలి. మంద్ర షడ్జానికి తగ్గుదల కాలస్థిరాంకం (శబ్దం 37 శాతానికి తగ్గే సమయం) 1.5 సెకన్లు, తార షడ్జానికి 0.6 సెకన్లు పెట్టాం. నడుమ ఉన్నవాటికి క్రమంగా. పై మెట్లు త్వరగా అణగకపోతే ఎంత మంచి తరంగమైనా ఆర్గన్‌లాగే వినబడుతుంది.

కీ వదిలినప్పుడు ఆసిలేటర్‌ను ఉన్నట్టుండి ఆపితే ‘టక్’ మంటుంది. తరంగం సగంలో తెగడమే దానికి కారణం. సెట్‌టార్గెట్‌ఎట్‌టైమ్‌తో కాలస్థిరాంకం 0.08 సెకన్లుగా సున్నా వైపు దించి, అర సెకను తర్వాత ఆసిలేటర్‌ను ఆపాలి. అయిదు కాలస్థిరాంకాలు గడిచేసరికి శబ్దం ఒక శాతం కంటే తక్కువకు పడిపోతుంది కాబట్టి అర సెకను చాలు. ఎక్స్‌పొనెన్షియల్ ర్యాంప్ అనే మరో దించే పద్ధతికి లక్ష్యంగా సున్నా ఇస్తే బ్రౌజర్ ఒప్పుకోదు.

ఒక్కో స్వరానికి గెయిన్ 0.2 మించనివ్వకండి. అయిదారు స్వరాలు కలిస్తే మొత్తం 1 దాటి శబ్దం పగులుతుంది. చివర మితిమీరిన శబ్దాన్ని అణచే ఒక కంప్రెసర్ నోడ్ పెట్టాం కానీ అది కాపలాకు మాత్రమే.

పేజీ తెరవగానే ఆడియో నిద్రలో ఉంటుంది. వాడేవాళ్లు ఏదో ఒకటి నొక్కేదాకా బ్రౌజర్ దాన్ని లేవనివ్వదు. మొదటి కీతోనే లేపవచ్చు కానీ ఆ మొదటి స్వరం ఆలస్యంగా వస్తుంది, అందుకే పైన చెప్పిన బటన్.

శబ్దం, రెండో రూపం: శాంపిళ్లు

అసలు పియానో రికార్డింగులకు (ఒక్కో స్వరం రికార్డింగును శాంపిల్ అంటారు) మారాం. స్వేచ్ఛగా వాడుకోదగిన వాటిలో సాలమాండర్ గ్రాండ్ పియానో బాగుంది. యమహా సి5 మీద, అట్టడుగు మెట్టు నుంచి మూడేసి మెట్లకు ఒకటి చొప్పున, 16 స్థాయిల బలంతో రికార్డు చేసింది. నడుమ మెట్లను పక్క శాంపిల్ వేగం మార్చి పుట్టిస్తాం: ఒక మెట్టు పైకి 1.05946, కిందికి 0.94387. అంత తేడాకు శబ్దం రంగు మారినట్టు చెవికి తెలియదు. 88 మెట్లకు 30 శాంపిళ్లు కావాలి. మన 29 మెట్లకు పది చాలు.

మెమరీ లెక్క చూసుకోండి. ఫైలు ఎంత చిన్నదైనా డీకోడ్ అయ్యాక ప్రతి శాంపిల్ పాయింటూ 4 బైట్లే. 48,000 హెర్ట్జ్ స్టీరియోలో 10 సెకన్లు అంటే 3.84 మెగాబైట్లు, పదింటికి 38.4. మోనో చేసి 6 సెకన్ల దగ్గర మెల్లగా అణచివేస్తే ఒక్కోటి 1.15, మొత్తం 11.5 మెగాబైట్లు. ల్యాప్‌టాప్ స్పీకర్ మీద తేడా వినబడదు.

ఎంపీ3 వాడకండి. ఎన్‌కోడర్, డీకోడర్ కలిసి ముందు కొంత నిశ్శబ్దం చేరుస్తాయి. లేమ్ ఎన్‌కోడర్‌తో అది 1105 పాయింట్లు, అంటే 44,100 హెర్ట్జ్ దగ్గర 25 మిల్లీసెకన్లు. పాట వినేవాళ్లకు అది లెక్కలోకి రాదు, వాయించేవాళ్లకు వేలి కింద బరువైపోతుంది. 16 బిట్ల వేవ్ ఫైళ్లే పెట్టాం. పది కలిసి 5.8 మెగాబైట్లు, ఒకసారి దిగితే కాషెలో ఉంటాయి. రికార్డింగు మొదట్లో ఉండే ఖాళీని కూడా ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో కోసేయాలి.

వేలి బలం సంగతి. కంప్యూటర్ కీకి నొక్కారా లేదా అన్నదే తెలుసు. 1700 ప్రాంతంలో బార్టొలొమెయొ క్రిస్టోఫోరి చేసిన వాయిద్యం ప్రత్యేకత అంతా వేలి బలాన్ని బట్టి మెల్లగానూ గట్టిగానూ పలకడమే. అది ఇక్కడ లేదు, తెచ్చినట్టు నటించడం కూడా తగదు. పై బాణం, కింది బాణం కీలతో మూడు స్థాయిల బలం మార్చుకునే వీలు మాత్రం ఇచ్చాం. యాదృచ్ఛికంగా బలం మార్చి ‘సహజంగా’ వినిపించే పద్ధతిని తీసేశాం. నేర్చుకునేవాళ్లు తమ వేలికీ వినబడిన దానికీ సంబంధం వెతుక్కుంటారు, దాన్ని చెడగొట్టకూడదు.

ఆలస్యం: కొలిచి సరిచేయాలి

నొక్కినప్పటి నుంచి వినబడేదాకా చాలా అంచెలున్నాయి. కీబోర్డు లోపల కీ వణుకు ఆగేదాకా కొన్ని మిల్లీసెకన్లు. మామూలు యూఎస్‌బీ కీబోర్డును కంప్యూటర్ సెకనుకు 125 సార్లు పలకరిస్తే గరిష్ఠంగా 8 మిల్లీసెకన్లు. వెబ్ ఆడియో 128 పాయింట్ల ముక్కలుగా లెక్కకడుతుంది, అది 3 మిల్లీసెకన్ల లోపే. ఆ తర్వాత సిస్టమ్ ఆడియో బఫర్. ఆడియోకాంటెక్స్ట్‌లో బేస్‌లేటెన్సీ, అవుట్‌పుట్‌లేటెన్సీ విలువలు ఉంటాయి. వాటిని పేజీ మూలన చూపిస్తున్నాం.

నిజం తెలియాలంటే కొలవాలి. ఫోన్‌ను కీబోర్డు, స్పీకర్ రెంటికీ దగ్గరగా పెట్టి రికార్డు చేయండి. కీని గోటితో ఠక్కున కొట్టండి. ఆడాసిటీలో కీ చప్పుడు మొదలైన చోటికీ స్వరం మొదలైన చోటికీ దూరం చూడండి. పదిసార్లు కొట్టి నడుమ విలువ తీసుకోండి. 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే పాఠాలకు సరిపోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో మాత్రం ఆలస్యం తరచుగా 100 దాటి, 200 కూడా అవుతుంది. అలా వాయిస్తే తాళానికి ముందే కొట్టే దురలవాటు పడుతుంది. వైరు ఇయర్‌ఫోన్లు, లేదంటే ల్యాప్‌టాప్ సొంత స్పీకర్.

మూడో కీ మాయమవడం: అమరికనే మార్చిన సమస్య

ఈ ప్రాజెక్టులో ఎక్కువ పని పట్టింది ఇదే. రెండు చేతుల పాఠం అనగానే అందరికీ తట్టేది ఎడమ చేత్తో స గ ప కార్డు, అంటే కలిపి మోగే మూడు స్వరాలు (జెడ్, సి, బి) పట్టి, కుడి చేత్తో క్యూ నుంచి రాగం. చాలా ల్యాప్‌టాప్‌లలో క్యూ మోగదు.

కీబోర్డు లోపల ప్రతి కీకి విడిగా తీగ ఉండదు. అడ్డ తీగలు, నిలువు తీగలు అల్లి, అవి కలిసే చోట కీ పెడతారు. అడ్డవరస, నిలువువరస చూసి ఏ కీ నొక్కారో చిప్ గ్రహిస్తుంది. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలలు నొక్కితే కరెంటు ఆ మూడింటి గుండా తిరిగి నాలుగో మూలా నొక్కినట్టే కనిపిస్తుంది. ఒక్కో కీకి డయోడ్ (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే భాగం) పెడితే ఈ చిక్కు లేదు, చవక కీబోర్డుల్లో పెట్టరు. నొక్కని అక్షరం పడకూడదని చిప్ ఆ మూడో కీనే తోసిపుచ్చుతుంది. జెడ్, సి ఒక అడ్డవరసలో ఉండి, క్యూ కీ జెడ్ నిలువు తీగ మీదే ఉంటే మూడు మూలలు అయ్యాయి, నాలుగోది ఇ. చిప్ క్యూను వినదు. ఇది జావాస్క్రిప్ట్‌తో బాగయ్యేది కాదు, ఈవెంటే రాదు.

తీగల అల్లిక కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే పేజీలో పరీక్ష తెర పెట్టాం, నొక్కిన ప్రతి కీకి ఒక దీపం. జెడ్, సి, బి పట్టుకుని క్యూ నుంచి ఐ దాకా ఎనిమిది కీలూ ఒక్కొక్కటే నొక్కాలి. తర్వాత జెడ్, వి, ఎన్ (స మ ద) పట్టి, ఆపైన ఎక్స్, బి, ఎమ్ (రి ప ని) పట్టి అదే పని. 24 పరీక్షల్లో వెలగని దీపాలు రాసుకుంటే మీ కీబోర్డు జాతకం తెలిసినట్టే. యూఎస్‌బీ కీబోర్డుకు ఇంకో హద్దు కూడా ఉంది. మామూలు పద్ధతిలో ఒక కబురులో ఆరు కీలే పడతాయి, షిఫ్ట్, కంట్రోల్ వంటివి వేరే లెక్క. ఆరు మన పాఠాలకు చాలు.

తీగలను పక్కన పెట్టినా క్యూ–టి మీద కుడి చెయ్యి, జెడ్–బి మీద ఎడమ చెయ్యి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రెండు సమస్యలకూ ఒకే పరిష్కారం దొరికింది: కుడి చేతిని కుడికి పంపడం. తార స్థాయికి మరో మూడు మెట్లు చేర్చాం. ఎడమ చదరపు బ్రాకెట్ మ1, దాని పైన సమానం గుర్తు కీ మ2, కుడి చదరపు బ్రాకెట్ ప. ఇప్పుడు ఐ, ఓ, పి, రెండు బ్రాకెట్లు కలిసి స రి గ మ ప. బొటనవేలు ఐ మీద, చిటికెనవేలు కుడి బ్రాకెట్ మీద. ఎడమ చెయ్యి జెడ్ దగ్గరే. చేతులు విడివిడిగా ఉన్నాయి, నిలువు తీగలు కూడా చాలావరకు వేరయ్యాయి. మొత్తం 32 మెట్లు, శాంపిళ్లు 11. పరీక్ష తెరలో ఈ అయిదు కీలను కూడా ఆ మూడు కార్డులతో చూడండి.

అలా కూడా కుదరని కీబోర్డుకు రెండు దార్లున్నాయి. కార్డును విడగొట్టి ఒక్కో స్వరంగా వాయించడం మొదటిది: జెడ్, బి, సి, బి, మళ్లీ జెడ్, బి, సి, బి. పాశ్చాత్య సంగీతంలో దీన్ని ఆల్బర్టి బాస్ అంటారు. ఏ క్షణానా రెండు చేతులకూ కలిపి రెండు కీలే పడి ఉంటాయి, రెండు కీలను గుర్తించలేని కీబోర్డు ఉండదు. రెండో దారి, ల్యాప్‌టాప్‌కు పాత యూఎస్‌బీ కీబోర్డు ఒకటి తగిలించడం. ఏ కీబోర్డు నుంచి వచ్చిందో బ్రౌజర్‌కు తెలియకపోయినా తీగల అల్లిక దేనిది దానికే కాబట్టి తగాదా ఉండదు. ఎడమ చేతికి ల్యాప్‌టాప్ కింది వరస, కుడి చేతికి బయటి కీబోర్డు క్యూ వరస. మూలన పడేసిన కీబోర్డుకు ఇంతకంటే మంచి వాడుక లేదు.

పాఠాల వరస: వాడుకలో ఉంది, మార్పులు సాగుతున్నాయి

మొదటి పాఠం కీని పట్టుకుని ఉంచడం. టైపింగ్‌లో అక్షరం నొక్కగానే పడుతుంది, ఎప్పుడు వదిలామన్నది ఎవరికీ పట్టదు. ఆ అలవాటుతో వాయిస్తే ప్రతి స్వరమూ తుంపులు తుంపులుగా పడుతుంది. ఐ, ఓ, పి, బ్రాకెట్లతో స రి గ మ ప, ప మ గ రి స. ఒక్కో స్వరం తాళం దెబ్బ నుంచి తర్వాతి దెబ్బ దాకా నిలవాలి. తర్వాతి కీ దిగే క్షణానే ముందుది లేవాలి. తెర మీద ఒక్కో స్వరం పట్టి ఉంచినంతసేపు పట్టీ పొడుగవుతుంది. పట్టీల నడుమ సందు 50 మిల్లీసెకన్లు మించకూడదని పెట్టుకున్నాం. ఈ పాఠంలో పెడల్ పనిచేయదు, ఎందుకంటే పెడల్ ఈ లోపాన్ని కప్పేస్తుంది.

రెండోది మాయామాళవగౌళ రాగం. కర్ణాటక సంగీతం ఇక్కడే మొదలవుతుంది, కీబోర్డు మీద కూడా ఇది తగిన చోటే: క్యూ, 2, ఇ, ఆర్, టి, 6, యు, ఐ. తెల్ల మెట్టు, నల్ల మెట్టు రెండూ తొలి పాఠాల్లోనే చేతికి వస్తాయి. కుడి చేతి వేళ్లు: బొటనవేలు, చూపుడు, నడిమి వేలు, మళ్లీ బొటనవేలు (ఆర్ దగ్గర, నడిమి వేలి కింది నుంచి), చూపుడు, నడిమి, ఉంగరం, చిటికెన. కీ లోతు తక్కువ కావడంతో బొటనవేలు జారించడం పియానో మీదకంటే ఇరుకుగా ఉంటుంది. పూర్వాంగం (స రి గ మ) ఎడమ చేత్తో, ఉత్తరాంగం (ప ద ని స) కుడి చేత్తో పంచుకుంటే సుళువే కానీ అది పియానోకు గానీ హార్మోనియానికి గానీ అక్కరకు రాదు. ఒక చేత్తోనే నేర్పుతున్నాం.

సరళీ వరసలకు ఆది తాళం మెట్రోనోమ్ (తాళం దెబ్బలు వినిపించేది), ఎనిమిది దెబ్బలు. 1, 5, 7 దెబ్బలు గట్టిగా, మిగతావి మెల్లగా. నిమిషానికి 60 దెబ్బలు. మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మెట్రోనోమ్‌ను సెట్‌ఇంటర్వల్ అనే బ్రౌజర్ టైమర్‌తో మాత్రమే నడిపితే దెబ్బలు వణుకుతాయి, ట్యాబ్ వెనక్కి పోతే బ్రౌజర్ దాన్ని బాగా నెమ్మదింపజేస్తుంది కూడా. 25 మిల్లీసెకన్లకోసారి లేచి, వచ్చే 100 మిల్లీసెకన్లలో పడాల్సిన దెబ్బలను ఆడియో గడియారం మీద ముందే నమోదు చేయాలి.

తప్పు స్వరం వస్తే సరైనది నొక్కేదాకా పాట ఆగే పద్ధతి చాలా పేజీల్లో ఉంది. మేం పెట్టలేదు. ఆగే పాటతో తాళం రాదు. తప్పు పడితే ఎర్రగా చూపి తాళం నడిచిపోతుంది. ముందు వెనకల లెక్కకు ఈవెంట్‌లోని టైమ్‌స్టాంప్ వాడాలి. కోడ్ నడిచిన క్షణం వాడితే బ్రౌజర్ పని ఒత్తిడి కూడా వాయించేవాళ్ల తప్పుగా పడుతుంది. పైన కొలిచిన ఆలస్యంలో ఆడియో భాగాన్ని అందులోంచి తీసేయాలి.

మూడోది ఎడమ చెయ్యి. ముందు జెడ్ ఒక్కటే, నాలుగు దెబ్బలకోసారి. తర్వాత విడగొట్టిన కార్డు, ఆఖరున స గ ప, స మ ద, రి ప ని నిండు కార్డులు. పియానో పుస్తకాల్లో నిండు కార్డు చాలా ముందే వస్తుంది. మూడో కీ మాయమయ్యే వాయిద్యం మీద దాన్ని ముందు పెడితే నేర్చుకునేవాళ్లు తమదే తప్పనుకుంటారు, అందుకే చివరకు జరిపాం. మాయామాళవగౌళకు ఈ కార్డులు కలపలేదు, స ప శ్రుతి (జెడ్, బి) చాలు.

శ్రుతి పెట్టినప్పుడు చెవి పదునున్నవాళ్లకు గాంధారం గరగరలాడుతుంది. పియానో గాంధారం 329.63, తంబురా షడ్జం నుంచి వినబడే గాంధారం 5/4 లెక్కన 327.03. పైస్థాయి అనుస్వరాల దగ్గర ఆ తేడా సెకనుకు పది విస్పందనాలై (శబ్దం పెరిగి తగ్గే ఊపులై) వినబడుతుంది. పంచమం తేడా 0.44 హెర్ట్జే, పట్టదు. 5/4 వంటి నిష్పత్తులతో స్వరాలను శ్రుతి చేసే పట్టిక ఎంచుకునే మీట పెట్టాం, అయితే పాశ్చాత్య పాఠాల్లో అది ఆఫ్‌లోనే ఉండాలి. గమకం ఈ పేజీతో రాదు. స్వరస్థానాలు చెవికి పట్టించడం, తాళంలో నిలబెట్టడం వరకే ఇది పనికొస్తుంది. ఆ తర్వాత గురువు దగ్గర పాడాల్సిందే.

ఇంకా చేయాల్సినవి

వెబ్ మిడి. అసలు పియానో కీబోర్డు కొన్నాక ఇదే పేజీ, ఇవే పాఠాలు నడవాలి. క్రోమ్, ఎడ్జ్‌లలో పనిచేస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో 108వ వెర్షన్ నుంచి. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, వాడేవాళ్లు అనుమతి ఇవ్వాలి. స్వరం మొదలుపెట్టే ఫంక్షన్‌ను మొదటి నుంచీ సంఖ్య, బలం అనే రెండు విలువలతో రాశాం కాబట్టి కొత్తగా చేయాల్సింది తక్కువ. మిడిలో బలం 0 నుంచి 127. చాలా కీబోర్డులు స్వరం ఆపడానికి వేరే కబురు పంపకుండా, బలం సున్నాతో మళ్లీ ‘నోట్ ఆన్’ పంపుతాయి. దాన్ని ఆపడంగా తీసుకోకపోతే స్వరం ఆగకపోవడమనే పాత జబ్బు తిరగబెడుతుంది.

పెడల్ తొక్కి ఉండగా అదే మెట్టు మళ్లీ నొక్కితే పాత శబ్దం మీద కొత్తది పేరుకుంటోంది. పాతదాన్ని 0.03 సెకన్ల కాలస్థిరాంకంతో దించి కొత్తది మొదలుపెట్టేలా మారుస్తున్నాం.

ఫ్రాన్స్, జర్మనీ లేఅవుట్లలో మెట్ల మీద చూపించే అక్షరాలు కూడా సరిగా పడాలి. క్రోమియం బ్రౌజర్లలో (క్రోమ్, ఎడ్జ్ వంటివి) లేఅవుట్ పటం అడిగి తెలుసుకోవచ్చు. మిగతావాటిలో వాడేవాళ్లే జాబితాలోంచి తమ లేఅవుట్ ఎంచుకునేలా ఒక పెట్టె పెట్టాలి.